బోర్డర్లు మూసేయాలని వాదించాలట, నా దగ్గర ఒక్క పాయింటూ లేదు

రెండో_ఇంజినీర్ అడిగిన ప్రశ్న:

మా అమ్మాయి ఏడో క్లాసు. వచ్చే శుక్రవారం వాళ్ళ స్కూల్లో డిబేట్. "మహమ్మారి వస్తే దేశాలు సరిహద్దులు మూసేయాలా, వద్దా?" అన్నది టాపిక్. చీటీలు తీయిస్తే తనకి "మూసేయాలి" వచ్చింది. ఇంటికి రాగానే భుజాన బ్యాగు కూడా దించకుండా, "నాన్నా, అప్పుడు నువ్వు షిప్పులోనే ఉన్నావు కదా, నీకన్నీ తెలుసు, పాయింట్లు చెప్పు" అంది.

నాకు తెలిసినవన్నీ అవతలి టీముకి పనికొచ్చేవే. అక్కడే చిక్కొచ్చి పడింది.

నేను మర్చంట్ నేవీలో సెకండ్ ఇంజినీర్‌ని. 2019 డిసెంబర్‌లో ఒక బల్క్ క్యారియర్ (ధాన్యం, బొగ్గు లాంటి సరుకు మోసే ఓడ) ఎక్కాను. ఆరు నెలల కాంట్రాక్ట్, అంటే 2020 జూన్‌కి దిగిపోవాలి. దిగింది 2021 ఫిబ్రవరిలో. మొత్తం పద్నాలుగు నెలలు. నేనొక్కడినే కాదు, ఒక దశలో కాంట్రాక్ట్ అయిపోయి కూడా దిగే దారి లేక ఓడల్లోనే ఉండిపోయినవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 4 లక్షల మంది. వాళ్ళ బదులు ఎక్కాల్సినవాళ్ళు ఇంచుమించు అంతమందీ ఇళ్ళ దగ్గర జీతాల్లేకుండా ఎదురుచూశారు. అంతర్జాతీయ నిబంధనల లెక్కలో ఒక మనిషిని ఏకబిగిన 11 నెలలకు మించి ఓడలో ఉంచకూడదు. రూలు కాగితం మీద అలాగే ఉంది, మేం నీళ్ళ మీద ఉన్నాం.

నాలుగుసార్లు సూట్‌కేసు సర్దాను. మొదటిసారి పోర్టు ఒప్పుకుంది, విమానాల్లేవు. రెండోసారి టికెట్ దొరికింది, మధ్యలో విమానం మారాల్సిన దేశం ట్రాన్సిట్ ఆపేసింది. మూడోసారి అన్నీ కుదిరాయి, నా బదులు ఎక్కాల్సిన మనిషికి ముందురోజు టెస్టులో పాజిటివ్ వచ్చింది. నాలుగోసారి సర్దుకున్న సంగతి క్యాబిన్ తలుపేసుకుని దాచాను, నలుగురూ నవ్వుతారని. ఆ తర్వాత సూట్‌కేసు విప్పడమే మానేశాను. అందులోంచే బట్టలు తీసుకోవడం, ఉతికి అందులోనే పెట్టుకోవడం.

మెస్ రూమ్‌లో గోడకి క్యాలెండర్ ఉండేది. మా కుక్ రోజూ రాత్రి గిన్నెలు కడిగాక ఒక గడి కొట్టేసేవాడు. డిసెంబర్ 31 కొట్టేశాక ఇంక పేజీల్లేవు. పోర్టుల్లో ఎవర్నీ పైకి రానివ్వట్లేదు కాబట్టి కొత్త క్యాలెండర్ తెచ్చేవాళ్ళూ లేరు. థర్డ్ మేట్ పాత నావిగేషన్ చార్టు ఒకటి తిరగేసి, స్కేలు పెట్టి, పాతదాన్ని చూసుకుంటూ 2021 గీశాడు. వారాలు మార్చాడు గానీ ఫిబ్రవరికి 29 రోజులు అలాగే ఉంచేశాడు. అది లీపు సంవత్సరం కాదని గుర్తొచ్చేసరికి వారం పట్టింది. ఒక రోజు తగ్గిందని ఆ రాత్రి చిన్నపాటి పండగ చేసుకున్నాం. నవ్వకండి, ఆ టైములో ఒక రోజంటే ఒక రోజే.

ఇక మా ఓడలో రిపేర్లు, వెల్డింగ్ చేసే ఫిట్టర్ పన్ను సంగతి. ఈ ఒక్కదాని కోసమే నేను "మూసేయాలి" అనలేకపోతున్నాను. ఆగస్టులో అతనికి కింది దవడ ఎడమవైపు వాచింది. రేడియోలో డాక్టర్‌తో మాట్లాడి కెప్టెన్ యాంటీబయాటిక్ ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. మొదటి పోర్టులో అడిగితే ఏజెంటు, "పన్ను నొప్పి ఎమర్జెన్సీ కింద రాదు" అన్నాడు. రెండో పోర్టులో అసలు జవాబే లేదు. మూడోదాంట్లో నోరు ఫోటో తీసి వాట్సాప్ చేయమన్నారు. టార్చి నేనే పట్టుకున్నాను. దవడ సరిగ్గా తెరుచుకోవట్లేదు, పెదవి పక్కకి లాగి పట్టుకుంటే అతని కళ్ళలోంచి నీళ్ళు నా గ్లవ్ మీద పడ్డాయి. ఫోటో బ్లర్ వచ్చింది, మళ్ళీ తీయమన్నారు. ఆ పక్కనే క్రేన్లు గబగబా తిరుగుతున్నాయి. మూడు రోజుల్లో సరుకుండే హోల్డులన్నీ ఖాళీ. ఓడలోని గోధుమలన్నీ వాళ్ళ దేశంలో దిగాయి, ఒక మనిషి మాత్రం గ్యాంగ్‌వే దిగకూడదు.

ఇదంతా ఒకవైపు. మా అక్క మత్తు డాక్టరు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఐసీయూలో చేసింది. నేను అప్పుడు ఇంట్లోనే ఉన్నాను కాబట్టి రోజూ కారులో దించి తీసుకొచ్చేవాణ్ణి. డ్యూటీ అయ్యి కారెక్కాక, "ఇప్పుడే పోనీయకు" అనేది. ఇంజిన్ ఆపేసి కూర్చునేవాళ్ళం. ఒక్కోరోజు పది నిమిషాలు, ఒక్కోరోజు అరగంట. ఏం జరిగిందని నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఆ తర్వాతెప్పుడో ఒకసారి నేను ఫిట్టర్ సంగతి ఆవేశంగా చెబుతుంటే పూర్తిగా విని, "వాడి పన్ను పోయింది, వాడున్నాడు. నా లెక్కలో అది లాభమేరా" అంది. నాకు నోట మాట రాలేదు. ఇప్పటికీ ఈ టాపిక్ వస్తే మా ఇద్దరిలో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాం.

కాబట్టి అడుగుతున్నాను. బోర్డర్లు మూసినందువల్ల నిజంగా జనం బతికిన సందర్భాలు ఉన్నాయా? ఎక్కడ, ఎందుకు? "ప్రాణం కంటే ఏదీ ఎక్కువ కాదు" లాంటివి వద్దు, అవి అమ్మాయి తనే రాసుకుంది. ఫార్వర్డ్ మెసేజీలు అస్సలు వద్దు. నేను నమ్మగలిగినవి కావాలి, ఎందుకంటే నేను నమ్మకుండా చెబితే అది ఇట్టే పట్టేస్తుంది.

---

పాతపేపర్లు జవాబు:

ఇంజినీర్ గారూ, మీకు ఓడ కథే చెబుతాను. 1918, స్పానిష్ ఫ్లూ రోజులు. పసిఫిక్‌లో సమోవా దీవులు రెండు ముక్కలుగా ఉండేవి. పడమటి వైపు న్యూజిలాండ్ పాలనలో, తూర్పు వైపు అమెరికా నౌకాదళం కింద. జనం ఒకటే, భాష ఒకటే, ఇటు చుట్టాలు అటు ఉంటారు.

1918 నవంబర్ 7న ఆక్లాండ్ నుంచి టలూన్ అనే స్టీమర్ పడమటి సమోవాలో అపియా రేవుకి వచ్చింది. ఓడలో జబ్బుపడ్డవాళ్ళున్నారు. అయినా జనాన్ని దిగనిచ్చారు. రెండు నెలలు తిరక్కుండా దాదాపు 8,500 మంది పోయారు. అంటే ఆ దీవుల జనాభాలో ఐదో వంతు కంటే ఎక్కువ. ఊళ్ళలో పాతిపెట్టేవాళ్ళు కూడా మిగల్లేదు.

తూర్పున గవర్నర్ జాన్ పోయర్ రేడియోలో ఫ్లూ వార్తలు విని ముందే రేవు మూసేశాడు. వచ్చిన ఓడల్ని క్వారంటైన్‌లో పెట్టాడు. స్థానికులే తీరం వెంబడి కాపలా కాసి పడమటి వైపు నుంచి వచ్చే పడవల్ని వెనక్కి పంపారు. అక్కడ ఫ్లూతో ఒక్కరు కూడా చనిపోలేదు. అదే జబ్బు, అదే నెల, పక్కపక్క దీవులు. ఇంతకంటే సూటి పోలిక చరిత్రలో దొరకడం కష్టం. 2002లో న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ సమోవా వెళ్ళి, మిగతా తప్పులతో పాటు దీనికి కూడా క్షమాపణ చెప్పారు.

మీ అమ్మాయికి ఇది మొదటి పాయింట్‌గా ఇవ్వండి. ఒక మాట మాత్రం మీకు విడిగా చెబుతున్నాను. పోయర్ తలుపేసుకుని కూర్చోలేదు. అవతలి దీవికి వైద్య సాయం పంపుతానని కబురు పెట్టాడు. అక్కడి పాలనాధికారి లోగన్ తీసుకోలేదు. అవతలి టీము అడిగితే ఈ ముక్క పనికొస్తుంది.

---

రెండో_ఇంజినీర్:

మాస్టారూ (మాస్టారే అయ్యుంటారని రాసే తీరు చూసి అనుకుంటున్నాను), ఇది నాకు అసలు తెలియదు. ఓడే తెచ్చిందా! అక్కకి కూడా పంపాను. బొటనవేలి బొమ్మ పెట్టింది. మా మధ్య ఈ విషయంలో అదే మొదటి స్నేహపూర్వక సంకేతం.

---

థర్మల్_గన్ జవాబు:

అన్నా, నేను 2020 ఫిబ్రవరి, మార్చిల్లో ఒక ఎయిర్‌పోర్టులో హెల్త్ డెస్క్ దగ్గర కూర్చున్నాను. పబ్లిక్ హెల్త్ చదువుతున్న రోజులు, వాలంటీర్లుగా మమ్మల్ని పంపారు. మీ ప్రశ్నకి నా జవాబు: మూయడం పనిచేస్తుంది, కానీ అది ఎప్పుడు మూశారన్నదాన్ని బట్టి. ఆలస్యమైతే దాన్ని మించిన వృథా పని లేదు.

ముందు స్క్రీనింగ్ అంటే ఏమిటో చెబుతాను. వరసలో వచ్చే మనిషి నుదురు మీద జ్వరం చూసే గన్ పెడతాం, అంకె చూస్తాం, ఫారం తీసుకుంటాం. అంతే. కోవిడ్ సోకాక లక్షణాలు బయటపడటానికి సగటున ఐదారు రోజులు పడుతుంది. నిన్న సోకి ఇవాళ విమానం ఎక్కినవాడి నుదురు మామూలుగానే ఉంటుంది. ఫారంలో "జ్వరం ఉందా" అన్నచోట "లేదు" అని రాసి, రాస్తూనే దగ్గినాయన నాకు ఇంకా గుర్తే. "ఏసీ పడదు" అన్నాడు. గన్ చూపించిన అంకె మామూలే. జ్వరం మాత్ర వేసుకుని వచ్చినా మాకు తెలిసే దారి లేదు. పంపించేశాం.

ఇక మూయడం. మంగోలియా 2020 జనవరి ఆఖర్లోనే చైనాతో భూ సరిహద్దు మూసింది. స్కూళ్ళు కూడా. నవంబర్ దాకా ఆ దేశం లోపల వ్యాప్తి లేదు. చైనాతో అంత పొడుగు సరిహద్దు ఉన్న దేశం అది, మర్చిపోకండి. న్యూజిలాండ్ మార్చి 19న విదేశీయులకి తలుపులు మూసింది, ఆ తర్వాత వారంలోపే కఠిన లాక్‌డౌన్. జూన్ 8కి చికిత్సలో ఉన్న కేసు ఒక్కటీ లేదు. టీకాలు వేశాకే తలుపులు తీశారు కాబట్టి, మొత్తం మహమ్మారి కాలంలో అక్కడ మామూలు కంటే అదనంగా పోయినవాళ్ళు దాదాపు లేరు. ఈ రెండూ మీ అమ్మాయికి బలమైనవి.

ఇప్పుడు రెండో వైపు. ఇటలీ కూడా జనవరి 31నే చైనా విమానాలు ఆపేసింది. మూడు వారాలకి ఉత్తరాన కొదోన్యో అనే ఊళ్ళో స్థానికంగా సోకిన మొదటి కేసు దొరికింది. చూస్తే వైరస్ అప్పటికే ఊళ్ళలో తిరుగుతోంది. తలుపేసుకున్నారు, దొంగ లోపలే ఉన్నాడు. పైగా బోర్డర్ మూశాం కదా అన్న ధీమా కూడా ఒక నష్టమే.

అమెరికా సంగతి ఇంకా విచిత్రం. ఫిబ్రవరి మొదట్లో చైనా నుంచి వచ్చేవాళ్ళని ఆపింది. తర్వాత జన్యు పరీక్షల్లో తేలిందేమిటంటే, న్యూయార్క్‌లో పాకిన వైరస్ చాలావరకు యూరప్ నుంచి వచ్చింది. మార్చి 11 రాత్రి యూరప్ మీద నిషేధం ప్రకటించేసరికి అక్కడున్న అమెరికన్లంతా ఒక్కసారిగా వెనక్కి పరిగెత్తారు. ఆ వారాంతంలో ఎయిర్‌పోర్టుల్లో గంటల తరబడి భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. వ్యాప్తి ఆపడానికి పెట్టిన ఆంక్షే వ్యాప్తికి చోటిచ్చింది.

అన్నిటికంటే నాకు మంటెత్తించింది 2021 నవంబర్. దక్షిణాఫ్రికా, బోట్స్వానా శాస్త్రవేత్తలు కొత్త రకాన్ని కనిపెట్టి దాచకుండా వెంటనే ప్రపంచానికి చెప్పారు. రెండు రోజుల్లో చాలా దేశాలు వాళ్ళ విమానాలు ఆపేశాయి. తర్వాత చూస్తే నెదర్లాండ్స్‌లో నవంబర్ 19న తీసిన శాంపిల్‌లోనే ఒమిక్రాన్ ఉంది, దక్షిణాఫ్రికా ప్రకటన కంటే ముందే. నిజం చెప్పినవాడికి శిక్ష పడితే ఈసారి ఎవడు ముందు చెబుతాడు?

మొత్తానికి, బోర్డర్ మూస్తే టైము దొరుకుతుంది. ఆ టైములో బెడ్లు, టెస్టులు, టీకాలు సిద్ధం చేసుకుంటే జనం బతుకుతారు. ఊరికే మూసి కూర్చుంటే అదే చావు రెండు వారాలు ఆలస్యంగా వస్తుంది.

---

సూటిగా_మాట జవాబు:

ఇంత పెద్ద వ్యాసాలెందుకు బాబూ. స్వీడన్ ఏమీ మూయలేదు, ఏమీ కాలేదు. లాక్‌డౌన్లన్నీ పెద్ద డ్రామా. ఇప్పుడు డబ్ల్యూహెచ్ఓ కొత్త ఒప్పందం పెట్టింది, రేపు వాళ్ళు బటన్ నొక్కితే అన్ని దేశాలూ మూసేయాలి. పాపకి అది చెప్పండి.

---

థర్మల్_గన్:

బ్రదర్, రెండూ తప్పే. ఒక్కొక్కటి చెబుతాను.

స్వీడన్ ఇళ్ళకి తాళాలు వేయలేదు, చిన్న పిల్లల స్కూళ్ళు మూయలేదు, అంతవరకు నిజం. కానీ 50 మందికి మించి గుమిగూడటం నిషేధించింది, పెద్ద క్లాసులూ యూనివర్సిటీలూ ఆన్‌లైన్‌కి మార్చింది, వృద్ధాశ్రమాల్లోకి సందర్శకుల్ని ఆపింది. ఆ ఆపడం ఆలస్యమై 2020 వసంతంలో ముసలివాళ్ళు చాలామంది పోయారు. పక్కనున్న నార్వే, ఫిన్లాండ్ కంటే జనాభా లెక్కన మరణాలు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ డిసెంబర్‌లో వాళ్ళ రాజే "మనం విఫలమయ్యాం" అన్నాడు. అయితే మూడేళ్ళు కలిపి చూస్తే అదనపు మరణాల్లో స్వీడన్ యూరప్ దేశాల్లో బాగా కింద ఉంది. 2022లో వాళ్ళ ప్రభుత్వం వేసిన కోవిడ్ కమిషన్ కూడా, లాక్‌డౌన్ పెట్టకపోవడం మొత్తమ్మీద సరే, మొదట్లోనే ఇంకా గట్టి చర్యలు తీసుకోవాల్సింది అని తేల్చింది. అంటే రెండు పక్షాలవాళ్ళూ తమకి కావలసిన సంవత్సరం పట్టుకుని స్వీడన్ చూపిస్తారు. మీరు చేసింది అదే, రేపు ఇంకొకరు తిరగేసి చేస్తారు.

ఒప్పందం గురించి: 2025 మే 20న ఆమోదించిన పాండెమిక్ ఒప్పందంలోనే, లాక్‌డౌన్లు గానీ ప్రయాణ నిషేధాలు గానీ పెట్టమని ఏ దేశాన్నీ ఆదేశించే అధికారం డబ్ల్యూహెచ్ఓకి లేదని రాసి ఉంది. బటన్ ఎవరి దగ్గరా లేదు. నిజానికి 2020 జనవరి 30న అత్యవసర స్థితి ప్రకటించిన రోజు కూడా ప్రయాణాలు ఆపమని డబ్ల్యూహెచ్ఓ చెప్పలేదు, ఆంక్షలు సిఫార్సు చేయట్లేదనే అంది. ఎవరికి వాళ్ళు మూసుకున్నారు. వచ్చేసారి కూడా అంతే.

---

మస్టర్_రోల్ జవాబు:

నేను మామూలుగా ఇలాంటి చోట రాయను. మీ ఫిట్టర్ పన్ను గురించి చదివి రాస్తున్నాను సార్.

అప్పుడు నేను ఒక కట్టడం దగ్గర సైట్ సూపర్‌వైజర్‌ని. నా దగ్గర 43 మంది కూలీలు, అందరూ వేరే రాష్ట్రాలవాళ్ళు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలో చెప్పారు, 12 గంటల నుంచి దేశం మొత్తం లాక్‌డౌన్, 21 రోజులు. అప్పటికి దేశంలో కేసులు 500 పైచిలుకు. మూయడం తప్పో ఒప్పో నాకు తెలీదు, నేను డాక్టర్ని కాను. నాకు తెలిసింది ఆ నాలుగు గంటలు.

ఆ రాత్రి షెడ్డు దగ్గరికి వెళితే అందరూ ఒకటే అడిగారు, "రేపు హాజరు పడుతుందా?" పని లేకపోతే హాజరు ఉండదు, హాజరు లేకపోతే కూలి ఉండదు. నేను కాంట్రాక్టర్‌కి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తాడు, మూడోసారి స్విచ్ఛాఫ్. మార్చి 25 నుంచి నా రిజిస్టర్‌లో పి అని పెట్టాలో ఏ అని పెట్టాలో తెలియక గడులు ఖాళీగా వదిలేశాను. మొదటి వారం 43 మందీ ఉన్నారు. రెండో వారానికి 30. తర్వాత ఒకరోజు పొద్దున్నే చూస్తే షెడ్డులో ఆరుగురు. నడిచి వెళ్ళిపోయారు. రైళ్ళు లేవు కదా. కూలీల కోసం ప్రత్యేక రైళ్ళు వేసింది మే 1న. ప్రకటనకీ రైలుకీ మధ్య 38 రోజులు, నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను.

మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది మీదుగా గూడ్సు బండి వెళ్ళింది. పేపర్లో ఊళ్ళ పేర్లు వెతుక్కున్నాను, మావాళ్ళు కాదు. కాదని తెలిశాక వచ్చిన ఊరటకి ఇప్పటికీ సిగ్గుపడతాను. సెప్టెంబర్‌లో పార్లమెంటులో అడిగితే, దారిలో చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని ప్రభుత్వం చెప్పింది. నా రిజిస్టర్‌లో ఖాళీ గడులే కాబట్టి నేను ఎవర్నీ అనలేను.

పాపకి చెప్పండి సార్, మూసేయాలి అని వాదిస్తే వాదించనీ. కానీ "ఎన్ని గంటల ముందు చెప్పి మూయాలి" అన్న పాయింటు కూడా కలుపుకోమనండి.

---

పాతపేపర్లు:

సూపర్‌వైజర్ గారూ, ఇది రాసినందుకు మీకు నమస్కారం. ఇటలీలో దీనికి తిరగబడ్డ కథ జరిగింది. మార్చి 7 రాత్రి, మిలాన్ ఉన్న లొంబార్డీ ప్రాంతాన్ని మూసేస్తారన్న ముసాయిదా ముందే బయటకి పొక్కింది. మిలాన్ స్టేషన్‌కి జనం పరిగెత్తి దక్షిణాదికి పోయే రైళ్ళు ఎక్కేశారు. చెప్పకపోతే మీ కూలీల గతి, చెబితే ఇది. ఎన్ని గంటలన్న ప్రశ్నకి నాకు జవాబు లేదు. చెప్పినా, చెప్పకపోయినా, ఇంటికి చేరే బండి ఒకటి సిద్ధంగా ఉండాలేమో.

---

రెండో_ఇంజినీర్:

డిబేట్ అయిపోయింది. అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది.

రాత్రి భోజనాలయ్యాక మీ జవాబులన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. అక్క కూడా ఆ రోజు ఇంటికొచ్చింది. ఈసారి ఎవరూ వంటింట్లోకి పోలేదు. సమోవా దగ్గర అమ్మాయి, "ఆ లోగన్ ఎందుకు సాయం తీసుకోలేదు?" అని మూడుసార్లు అడిగింది. నేను అక్క వైపు చూశాను, అక్క నా వైపు చూసింది.

సూపర్‌వైజర్ గారి రిజిస్టర్ చదువుతుంటే అక్క కళ్ళజోడు తీసేసింది. కాసేపాగి, తన వైపు సంగతి మొదటిసారి చెప్పింది. 2021 మేలో రాత్రి డ్యూటీ. ఆక్సిజన్ ప్రెజర్ మీటరు ముల్లు చూస్తూ నిలబడటమే ఆ రాత్రి పనంతా. ముల్లు కిందికి దిగినప్పుడల్లా ఏ మంచం దగ్గర ఫ్లో ఎంత తగ్గించాలో లెక్క వేసుకోవడం. "నువ్వు మూడు పోర్టులు అడిగావు, వాళ్ళు కాదన్నారు. ఆ రాత్రి నన్ను అడిగినవాళ్ళకి కాదని చెప్పింది నేను" అంది. ఇంత పెద్ద వాక్యం తన నోటి నుంచి ఆ విషయం మీద నేను ఎప్పుడూ వినలేదు. అమ్మాయి లేచి వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. అక్క దాని జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

థర్మల్_గన్ తమ్ముడు చెప్పింది నాకు బాగా తలకెక్కింది. ఇన్నాళ్ళూ నేను "మూశారు" అని కోపం పెట్టుకున్నాను. పోర్టు మూయడం వేరు, మూసిన తలుపులో ఒక చిన్న కిటికీ కూడా పెట్టకపోవడం వేరు. ఓడ సిబ్బందిని అత్యవసర ఉద్యోగులుగా గుర్తించమని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానం చేసింది 2020 డిసెంబర్ 1న. మార్చిలో మూశారు, డిసెంబర్‌లో గుర్తుకొచ్చాం. డైమండ్ ప్రిన్సెస్ అనే విహార ఓడలో కూడా అదే జరిగింది. ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామాలో ఆపినప్పుడు ప్రయాణికుల్ని క్యాబిన్లలో ఉంచారు, వాళ్ళ తలుపుల దగ్గరికి ట్రేలు మోసింది సిబ్బంది. 3,711 మందిలో 712 మందికి సోకింది. ఆ వార్త మేం మెస్ రూమ్‌లో చూశాం. ప్యాసింజర్ల గురించి అందరం జాలిపడ్డాం. మా కుక్ ఒక్కడే, "ఆ ట్రేలు మోసేవాళ్ళు ఎక్కడ పడుకుంటున్నారు?" అన్నాడు.

ఇక అమ్మాయి డిబేట్. సమోవా, మంగోలియా చెప్పింది. న్యూజిలాండ్ చెప్పేసరికి అవతలి టీములో ఒక అబ్బాయి లేచి, తమ సొంత పౌరుల్నే లాటరీ వేసి రానిచ్చారని, అక్కడి హైకోర్టు 2022లో దాన్ని తప్పుపట్టిందని అన్నాడట. ఎవరి పిల్లాడో గానీ గట్టివాడే. దానికి మావాళ్ళ దగ్గర జవాబు లేదు. రెండో బహుమతి వచ్చింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. అవతలి టీములో దీని స్నేహితురాలు ఒకతి ఉంది. ఫిట్టర్ పన్ను కథ మన వైపు పనికిరాదు కదా అని, వేస్ట్ కాకూడదని, ముందు రోజే తీసుకెళ్ళి ఆ పిల్లకి ఇచ్చేసిందట. ఆ పిల్ల స్టేజి మీద అది చెబితే హాలంతా నిశ్శబ్దమైపోయిందని మా అమ్మాయే ఎంతో గర్వంగా చెప్పింది. మొదటి బహుమతి వాళ్ళదే.

"ఆ అంకుల్ పన్ను చివరికి ఏమైంది నాన్నా, వాళ్ళు అడిగారు" అంది. నాలుగో పోర్టులో, అక్టోబర్‌లో, దించనిచ్చారు. ఒకటి కాదు రెండు పళ్ళు తీసేశారు. సాయంత్రానికి తిరిగొచ్చి, అర దవడ తిమ్మిరితోనే వెల్డింగ్ మాస్కు పెట్టుకుని ఇంజిన్ రూమ్‌లోకి దిగాడు. ఈ మధ్య అతనికి ఫోన్ చేసి, నీ పన్ను కప్పు గెలిచిందయ్యా అని చెప్పాను. ఏ పన్ను అని అడిగాడు.